రెండు వందలా, నూట ఐదా?

చక్రాల చరిత్ర: తొమ్మిదో భాగం

2009 అక్టోబరులో, అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, షార్లెట్ నగరంలో ఐదు పేర్లు చదివారు. స్టాక్ కారు రేసులు నడిపే నాస్కార్ సంస్థ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ భవనం అప్పటికింకా పూర్తి కాలేదు. తలుపులు తెరిచేది మరుసటి ఏడాది మే నెలలో. ఆ లోపలికి మొట్టమొదట వెళ్లబోయే ఐదుగురు ఎవరో ఆ రోజు తేలిపోయింది. రిచర్డ్ పెటీ, డేల్ ఎర్న్‌హార్ట్, జూనియర్ జాన్సన్. మిగిలిన రెండు స్థానాల్లో ఒకటి నాస్కార్‌ను స్థాపించిన బిల్ ఫ్రాన్స్‌కు, ఇంకొకటి ఆయన తర్వాత సంస్థను నడిపిన కొడుకు బిల్ ఫ్రాన్స్ జూనియర్‌కు. గెలుపుల పట్టికలో పెటీ కిందనే, రెండో వరసలో, 105 విజయాలతో ఉన్న డేవిడ్ పియర్సన్ పేరు ఆ ఐదింట్లో లేదు.

అభిమానులు ఊరుకోలేదు. నిర్వాహకులకు రెండు కుర్చీలు వేసి, అంతటి డ్రైవరును బయట నిలబెడతారా అని అడిగారు. మరుసటి విడత ఓటింగులో పియర్సన్‌కు 94 శాతం ఓట్లు పడ్డాయి, 2011లో ఆయన కూడా లోపలికి చేరాడు. ఆ లోపం సరిదిద్దారు కానీ దాని వెనకున్న తగాదా మాత్రం ఈ రోజుకీ తెగలేదు. స్టాక్ కారు రేసింగులో అందరికంటే గొప్ప డ్రైవరు ఎవరు? పెటీ అంటారు కొందరు, ఎర్న్‌హార్ట్ అంటారు ఎక్కువమంది, జిమ్మీ జాన్సన్ అంటారు కుర్రవాళ్లు. ఈ భాగమంతా ఆ తగాదా గురించే.

ధారావాహిక ఇక్కడి నుంచి అందుకుంటున్నవారికి రెండు మాటలు. స్టాక్ కారంటే మొదట్లో షోరూములో ఎవరైనా డబ్బు కట్టి తెచ్చుకోగలిగిన కారే. దక్షిణాది కొండల్లో దొంగసారా కాచేవాళ్లు సరుకును రాత్రిపూట పట్నాలకు చేరవేయడానికి ఫోర్డు కార్ల ఇంజన్లకు బలం పెంచి, బరువుకు వెనకభాగం కుంగకుండా స్ప్రింగులు గట్టిపరిచి, పోలీసులకు దొరక్కుండా నడిపేవారు. పగటిపూట అవే బండ్లతో మట్టి ట్రాకుల మీద పందేలు వేసుకున్నారు. ఆ పందేలన్నిటినీ ఒక గొడుగు కిందికి తేవడానికి బిల్ ఫ్రాన్స్ 1947 డిసెంబరులో డేటోనా బీచ్‌లోని స్ట్రీమ్‌లైన్ హోటల్లో సమావేశం పెట్టాడు. 1948 ఫిబ్రవరిలో నాస్కార్ పుట్టింది. 1949 జూన్ 19న షార్లెట్‌లో జరిగిన తొలి రేసు గురించి గత భాగంలో చెప్పుకున్నాం. గీత ముందు దాటింది గ్లెన్ డనవే. రేసయ్యాక కారు పరీక్షిస్తే వెనక స్ప్రింగులు సారా బండి స్ప్రింగులని తేలింది. గెలుపు జిమ్ రోపర్ ఖాతాలో పడింది.

ఆ సంగతి మళ్లీ ఎత్తడానికి కారణముంది. ఈ ఆటలో ఎవరు గెలిచారో చెప్పేది మొదటి రోజు నుంచీ గీత ఒక్కటే కాదు, రూలు పుస్తకం కూడా. ఆ పుస్తకాన్ని ఒకే కుటుంబం దశాబ్దాల పాటు చేతిలో పెట్టుకుంది, అవసరమైనప్పుడల్లా తిరగరాసింది. రేసుల సంఖ్య మారింది, పాయింట్ల లెక్క మారింది, ఛాంపియన్‌ను తేల్చే పద్ధతే మారింది. అందుకే వేర్వేరు కాలాల డ్రైవర్ల అంకెలు పక్కపక్కన పెట్టేముందు ఆ అంకెలు ఏ రూలు కింద పుట్టాయో చూడాలి. గావస్కర్‌నూ కోహ్లీనూ పోల్చేటప్పుడు హెల్మెట్టూ పిచ్చూ గుర్తుపెట్టుకునే మనకు ఇది కొత్త కాదు.

గెలుపుల శాతమే కొలమానమైతే తగాదా 1950లలోనే ముగిసిపోవాలి. హడ్సన్ హార్నెట్ కారు నడిపిన హెర్బ్ థామస్ 228 రేసుల్లో 48 గెలిచాడు. నూటికి ఇరవై ఒకటి. టిమ్ ఫ్లాక్ 187 రేసుల్లో 39 గెలిచాడు, 1955 ఒక్క ఏడాదిలోనే 18. వాళ్ల తర్వాత ఎవరికీ ఆ శాతం అందలేదు. అయినా గొప్ప డ్రైవర్ల గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ ఇద్దరి పేర్లు అరుదుగా వినిపిస్తాయి. ఫ్లాక్‌ను 1961లో బిల్ ఫ్రాన్స్ జీవితకాలం నిషేధించాడు. డ్రైవర్లకు యూనియన్ ఉండాలని సాటి డ్రైవరు కర్టిస్ టర్నర్‌తో కలిసి ప్రయత్నించడమే అతని నేరం. రేసులో ప్రాణం పణంగా పెట్టేవాళ్లు సంఘం పెట్టుకోవాలనుకోవడం నా దృష్టిలో తప్పు కాదు. ఆ నిషేధం ఈ సంస్థ చరిత్రలో ఒక మచ్చ.

జూనియర్ జాన్సన్ లెక్క ఇంకోలా ఉంటుంది. విల్క్స్ కౌంటీ వాడు. 1956లో తండ్రి సారా బట్టీ దగ్గర పట్టుబడి పదకొండు నెలలు ఒహాయోలోని ఫెడరల్ జైల్లో ఉన్నాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష పెట్టాడు. డ్రైవరుగా 50 విజయాలు, ఒక్క ఛాంపియన్‌షిప్పూ లేదు. కానీ 1960లో, ఈ ఆటలోకెల్లా పెద్ద రేసైన డేటోనా 500లో, తన షెవ్రొలే మిగతావాటికంటే నిదానమని తెలిసి కూడా గెలిచాడు. ముందు పోయే కారు గాలిని చీలుస్తుంది. దాని వెనక అంటిపెట్టుకుని పోయే కారుకు ఎదురుగాలి తగ్గుతుంది. అదే ఇంజను, అదనపు వేగం. ఈ కిటుకు పేరు డ్రాఫ్టింగ్. పెద్ద ట్రాకుల మీద ఈ రోజుకీ ప్రతి డ్రైవరూ బతికేది దీని మీదనే. జాన్సన్ తర్వాత జట్టు యజమానిగా మారి కేల్ యార్‌బరోతో మూడు, డారెల్ వాల్ట్రిప్‌తో మూడు ఛాంపియన్‌షిప్పులు గెలిపించాడు. ఆట స్వరూపాన్ని మార్చిన మనిషి కొలతలో ఇతనికి సాటి లేరు. నేనడుగుతున్నది చక్రం పట్టుకున్న చేతుల గురించి కాబట్టి ఆయనను ఇక్కడ వదిలేస్తున్నాను.

ఇక పెటీలు. తండ్రి లీ పెటీ మూడుసార్లు ఛాంపియన్. 1959లో జరిగిన మొట్టమొదటి డేటోనా 500 విజేత. ఆ రేసు చివర మూడు కార్లు ఒకే వరసలో గీత దాటాయి. ఒకటి ల్యాపు వెనకబడ్డ కారు, మిగిలిన ఇద్దరిలో ఎవరు ముందో కంటికి ఆనలేదు. మొదట జానీ బోషాంప్‌ను విజేత అన్నారు. మూడు రోజుల పాటు ఫొటోలూ న్యూస్‌రీళ్లూ తెప్పించి చూసి లీ పెటీకి ఇచ్చారు. అదే ఏడాది అట్లాంటా దగ్గర లేక్‌వుడ్ ట్రాకు మీద కుర్రాడు రిచర్డ్ మొదటిసారి గెలిచాడని జెండా ఊపితే, ల్యాపుల లెక్క తప్పిందని ఫిర్యాదు చేసి ఆ గెలుపు లాక్కున్నది ఎవరనుకున్నారు? కన్నతండ్రి లీ పెటీయే. ఆ ఇంట్లో గెలుపును చూసే తీరు అది.

రిచర్డ్ పెటీ 1937లో లెవెల్ క్రాస్ అనే పల్లెలో పుట్టాడు. వాళ్ల రేసు కార్ఖానా ఇంటి పక్కనే. ఇంజన్లు కట్టేది తమ్ముడు మారిస్, జట్టును నడిపేది దాయాది డేల్ ఇన్‌మన్. ఇంటిల్లిపాదీ కలిసి ఒక పరిశ్రమ నడిపారు. 1964లో క్రైస్లర్ కంపెనీ హెమీ అనే బలమైన ఇంజను తెచ్చింది. ఆ ఇంజనుతో పెటీ డేటోనా 500లో 200 ల్యాపులకు 184 ల్యాపులు ముందుండి గెలిచాడు. అదే ఏడు తొలి ఛాంపియన్‌షిప్పు. మరుసటి ఏడాది ఆ ఇంజనును నాస్కార్ ఆపేస్తే క్రైస్లర్ రేసులనే బహిష్కరించింది, పెటీ సీజన్లో ఎక్కువ భాగం నాస్కార్ రేసులకు దూరంగా ఉండాల్సివచ్చింది. మళ్లీ అదే రూలు పుస్తకం.

1967లో జరిగినది ఇప్పటి లెక్కల్లో నమ్మశక్యం కాదు. 48 రేసుల్లో పాల్గొని 27 గెలిచాడు. ఆగస్టు నుంచి అక్టోబరు మొదటి తారీకు దాకా వరసగా పది. వాటిలో డార్లింగ్టన్ ట్రాకు మీద జరిగే పెద్ద రేసు సదరన్ 500 కూడా ఉంది. మొత్తం జీవితంలో 1,184 రేసులు, 200 విజయాలు, ఏడు ఛాంపియన్‌షిప్పులు, ఏడు డేటోనా 500లు. ఆ రెండు వందలను ఎవరూ అందుకోలేరు, ఇప్పుడు ఏడాదికి ఉండేది 36 రేసులే.

రెండు వందల్లో కొన్ని తేలిక గెలుపులున్నాయని పెటీ వ్యతిరేకులు అంటారు. అది నిజమే. 1971 దాకా సీజన్లో నలభై, యాభై రేసులు ఉండేవి. చాలావరకు అరమైలు ట్రాకుల మీద, వంద మైళ్ల పందేలు, వారం మధ్యలో రాత్రిపూట. పెద్ద కంపెనీల మద్దతున్న జట్లు కొన్నింటికి వచ్చేవే కాదు. వచ్చినవాళ్లలో చాలామంది సొంత డబ్బుతో, అరిగిన టైర్లతో నెట్టుకొచ్చేవాళ్లు. మైదానం ఎంత పలచగా ఉండేదో తెలియాలంటే ఒక సంగతి చాలు: 1965 సదరన్ 500లో నెడ్ జారెట్ రెండోవాడి కంటే 14 ల్యాపులు ముందు గెలిచాడు, పందొమ్మిది మైళ్ల పైచిలుకు తేడా. 1972లో విన్‌స్టన్ సిగరెట్ కంపెనీ డబ్బుతో సీజనును 31 రేసులకు కుదించి, 250 మైళ్ల కంటే చిన్న పందేలను తీసేశారు. ఆ మార్పుకు ముందు పెటీ గెలుపులు 140, తర్వాత 60.

అయినా ఆ 140ని కొట్టిపారేయడం నాకు నచ్చదు. పందెం ఎక్కడ పెడితే అక్కడికి వెళ్లాడు. వేసవి రాత్రుల్లో పల్లె ట్రాకు మీద, దుమ్ములో, ఎంతమంది వస్తే అంతమంది ముందూ నడిపాడు. రేసు అయ్యాక చివరి పిల్లవాడి దాకా నిలబడి సంతకం చేశాడు. ఆట బతికింది అలాంటి ఊళ్లలో. 1984 జులై 4న డేటోనాలో రెండొందలో గెలుపు వచ్చినప్పుడు అధ్యక్షుడు రీగన్ అక్కడే ఉన్నాడు. చివర్లో ఒక కారు దొర్లడంతో పసుపు జెండా పడబోతుంటే, ఆ జెండా దాకా పెటీ, యార్‌బరో తలుపుకు తలుపు రాసుకుంటూ పరుగెత్తారు. పెటీ కారు ముక్కు కాస్త ముందుంది. ఆ తర్వాత 1992లో విరమించేదాకా మరి ఒక్క గెలుపూ లేదు.

ఇప్పుడు పియర్సన్ దగ్గరకు వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలనుంది.

సౌత్ కరోలినాలో స్పార్టన్‌బర్గ్ పక్కన విట్నీ అనే బట్టల మిల్లు బస్తీలో 1934 డిసెంబరులో పుట్టాడు. మాట తక్కువ. కెమెరా ముందు నిలబడటం ఇష్టముండేది కాదు. వయసు కాకముందే నెరిసిన జుట్టుకూ, రేసులో చూపే తంత్రానికీ కలిపి 'సిల్వర్ ఫాక్స్' అని పేరు పెట్టారు. మిగతావాళ్లు మొదటి ల్యాపు నుంచే తొక్కేసేవారు. పియర్సన్ అలా చేసేవాడు కాదు. సగం రేసు దాకా అతడు ఎక్కడున్నాడో స్టాండులో జనానికి తెలిసేది కాదు. టైర్లు కాపాడుకుంటూ, ఇంజనును కాపాడుకుంటూ, ఎదుటివాడి కారు ఏ మలుపులో బలహీనమో చూసుకుంటూ వెళ్లి, ఆఖరి యాభై మైళ్లలో ముందుకొచ్చేవాడు. 1961లో షార్లెట్ వరల్డ్ 600 చివర వెనక టైరు పేలిపోతే, మిగిలిన మూడు చక్రాలతో ఈడ్చుకుంటూ వచ్చి గెలిచాడు.

అతడి ట్రాకు డార్లింగ్టన్. 1950లో హెరాల్డ్ బ్రాసింగ్టన్ అనే ఆయన ఈ ట్రాకు కట్టినప్పుడు, నేల అమ్మిన యజమాని తన చేపల చెరువు చెడకూడదని షరతు పెట్టాడు. దాంతో ఒక కొసను చెరువు పక్కగా ముడిచి కట్టారు. ట్రాకు గుడ్డు ఆకారంలో తయారైంది. ఒక కొస వెడల్పు, ఒక కొస ఇరుకు. కారును ఒక మలుపుకు సరిపడేలా బిగిస్తే ఇంకో మలుపులో ఎదురు తిరుగుతుంది. అందుకే అక్కడ గెలవడానికి మంచి ఇంజను సరిపోదు, మనిషి కావాలి. గోడకు రాసుకోకుండా వచ్చే కారు అరుదు. ఆ ట్రాకు మీద పియర్సన్ పదిసార్లు గెలిచాడు. ఇప్పటికీ అది రికార్డే.

1966, 1968, 1969లో ఛాంపియన్ అయ్యాడు. ఛాంపియన్‌షిప్పు కోసం సీజను మొత్తం నడిపిన ఏళ్లు అతడికి చాలా తక్కువ. 1972లో వర్జీనియాలోని స్టువర్ట్ ఊరి వుడ్ బ్రదర్స్ జట్టులో చేరాక ఆ ఆశే వదిలేశాడు. ఆ అన్నదమ్ములు పెద్ద రేసులకే వచ్చేవారు. పిట్‌లో టైర్లు మార్చడం, పెట్రోలు నింపడం అనే పనులను క్షణాల లెక్కకు తెచ్చింది వాళ్లే. 1965లో ఇండియానాపోలిస్ 500లో జిమ్ క్లార్క్ గెలిచినప్పుడు పిట్ పని చేసిపెట్టిందీ వాళ్లే. ఆ జట్టు 21వ నంబరు మెర్క్యురీలో పియర్సన్ 1973లో 18 రేసులకు వచ్చి 11 గెలిచాడు. 1976లో 22కు పది.

నా వాదనంతా ఇక్కడే ఉంది. వేర్వేరు కాలాలను పోల్చలేమన్నది సత్యం. కానీ పెటీ, పియర్సన్ ఒకే కాలం వాళ్లు. ఒకే మధ్యాహ్నం, అదే తారు మీద, అదే ఎండలో నడిపారు. వాళ్లిద్దరూ ఒకటి, రెండు స్థానాల్లో గీత దాటిన రేసులు 63. అందులో పియర్సన్ ముందున్నవి 33, పెటీ ముందున్నవి 30. తేలిక రేసులు తీసేసిన 1972 నుంచి పియర్సన్ ఆఖరి గెలుపు వచ్చిన 1980 దాకా తొమ్మిదేళ్లు తీసుకోండి. పెటీ 52 గెలిచాడు, పియర్సన్ 45. పెటీ దాదాపు ప్రతి రేసుకూ వచ్చాడు. పియర్సన్ చాలా ఏళ్లు ఇరవై, ఇరవై రెండింటికి మించి రాలేదు, చివరి రెండేళ్లు అంతకూడా లేదు. ఆ చిన్న సంఖ్యలోంచి పెటీకి ఏడు తక్కువగా గెలుచుకున్నాడు.

అంకెలు చెప్పలేనిది 1974 జులై 4న డేటోనాలో కనిపించింది. ఆఖరి ల్యాపు మొదలైంది. పియర్సన్ ముందు, పెటీ వెనకనే. డ్రాఫ్టింగ్ తెలిసిన ఎవరికైనా తెలుసు, ఆ స్థితిలో ముందున్నవాడే వేట. వెనకవాడు చివరి తిన్నటి దారిలో వడిసెల రాయిలా పక్కనుంచి దూసుకొచ్చి గెలిచేస్తాడు. పియర్సన్ ఉన్నట్టుండి యాక్సిలరేటరు వదిలేశాడు. ఇంజను పోయిందనుకుని పెటీ తప్పించుకుని ముందుకు పోయాడు. ఇప్పుడు వేట మారింది. పియర్సన్ మళ్లీ తొక్కి, దూరం మింగుకుంటూ వచ్చి, గీత దగ్గర పెటీని దాటాడు. గంటకు 180 మైళ్ల పైన పోతూ అలా చేయడం ప్రమాదమని పెటీ మండిపడ్డాడు. ఆ కోపం న్యాయమే. కానీ ఆ వేగంలో, ఆ క్షణంలో, తన ఓటమి ఎక్కడుందో ముందే చూసి దాన్ని ఎదుటివాడికి అప్పగించిన బుర్ర ఇంకెవరికుంది?

1976 ఫిబ్రవరి 15. డేటోనా 500 ఆఖరి ల్యాపు. మూడో మలుపులో పియర్సన్ పెటీని దాటాడు. నాలుగో మలుపు దగ్గర పెటీ లోపలి వైపు నుంచి మళ్లీ ముందుకు రాబోయాడు, రెండు కార్లూ తగిలాయి, రెండూ గోడను కొట్టుకుని గిరగిరా తిరిగాయి. పెటీ కారు గీతకు కూతవేటు దూరంలో గడ్డిలో ఆగిపోయింది, ఇంజను ఆరిపోయింది. పియర్సన్ కారు తిరుగుతున్నప్పుడే క్లచ్ తొక్కిపట్టాడు. ఇంజను ఆరనివ్వలేదు. ముందుభాగం నుజ్జయిన ఆ మెర్క్యురీ గంటకు ఇరవై మైళ్ల వేగంతో పాక్కుంటూ వెళ్లి గీత దాటింది. అంత పెద్ద ప్రమాదం మధ్యలో ఎడమ కాలు ఏం చేయాలో గుర్తున్న మనిషి అతడు. డేటోనా 500 అతడికి దక్కింది ఆ ఒక్కసారే.

అంతా వుడ్ బ్రదర్స్ కారు మహిమేనని వాదించేవాళ్లుంటారు. ఎంచుకున్న రేసులు, తీరిగ్గా తయారుచేసుకున్న కారు, విశ్రాంతి తీసుకున్న డ్రైవరు. వారం వారం అలసిపోతూ వచ్చిన పెటీతో పోలిక సరికాదని వాళ్ల మాట. ఇందులో బలముంది. దీనికి జవాబు 1979లో దొరుకుతుంది. ఆ ఏడు వసంతంలో డార్లింగ్టన్‌లో ఒక పిట్ పొరపాటుతో, బిగించని చక్రాలతో పియర్సన్ బయలుదేరిపోయాడు. వుడ్ బ్రదర్స్‌తో బంధం అక్కడితో తెగింది. వేసవిలో పొకోనో ట్రాకు మీద ఒక కొత్త డ్రైవరు దెబ్బలు తగిలి మంచాన పడితే, అతడి కారు కొన్ని వారాలు నడపమని పియర్సన్‌ను పిలిచారు. పరాయి జట్టు, పరాయి కారు, వయసు నలభై నాలుగు. ఆ కారుతో సదరన్ 500 గెలిచాడు. రెండో స్థానంలో బిల్ ఎలియట్. మంచం మీదున్న ఆ కొత్త డ్రైవరు పేరు డేల్ ఎర్న్‌హార్ట్.

ఎర్న్‌హార్ట్ ఊరు షార్లెట్‌కు ఉత్తరంగా ఉన్న కన్నాపొలిస్. అదీ మిల్లు ఊరే, క్యానన్ మిల్లు తువాళ్ల ఊరు. తండ్రి రాల్ఫ్ మిల్లు పని వదిలి మట్టి ట్రాకుల రేసరుగా బతికి, 1973లో గుండెపోటుతో పోయాడు. కొడుకు తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. 1979లో ఉత్తమ నూతన డ్రైవరు, 1980లో ఛాంపియన్. మొత్తం ఏడు ఛాంపియన్‌షిప్పులు, 76 విజయాలు. రిచర్డ్ చిల్డ్రెస్ జట్టు నల్ల మూడో నంబరు షెవ్రొలే అద్దంలో కనబడితే ముందున్నవాళ్లు పట్టు తప్పేవారు. అడ్డొచ్చినవాణ్ణి తోసేశాడన్న నింద అతణ్ణి జీవితాంతం వెంటాడింది. అందులో నిజం లేకపోలేదు. కానీ 2000 అక్టోబరులో టలడేగా ట్రాకు మీద ఆఖరి ఐదు ల్యాపుల్లో పద్దెనిమిదో స్థానం నుంచి మొదటి స్థానానికి వచ్చిన ఆ పరుగు తోసి సాధించింది కాదు. గాలి ఎక్కడ పలచగా ఉందో చర్మంతో తెలుసుకున్నట్టు నడిపాడు. అదే ఆఖరి గెలుపు.

డేటోనా 500 అతణ్ణి ఇరవై ఏళ్లు ఏడిపించింది. 1990లో ఆఖరి ల్యాపు చివరి మలుపుల దగ్గర టైరు కోసుకుపోయి చేజారింది. 1998లో, ఇరవయ్యో ప్రయత్నంలో గెలిస్తే, ప్రత్యర్థి జట్ల మనుషులంతా పిట్ దారి పొడవునా వరసగా నిలబడి చేతులు కలిపారు. 2001 ఫిబ్రవరి 18న అదే రేసు ఆఖరి మలుపులో గోడను ఢీకొని చనిపోయాడు. తన ముందు, తాను యజమానిగా ఉన్న జట్టు కారులో మైకేల్ వాల్ట్రిప్, వాల్ట్రిప్ వెనకే కన్నకొడుకు గెలుపు వైపు దూసుకుపోతున్నారు. అంతకు ముందు పది నెలల్లోపే రిచర్డ్ పెటీ మనవడు ఆడమ్ సహా ముగ్గురు యువ డ్రైవర్లు అలాగే పోయారు. ఎర్న్‌హార్ట్ పోయాకే తలను, మెడను పట్టి ఉంచే పరికరం తప్పనిసరి చేశారు, గోడలకు దెబ్బను మింగే పొర కట్టారు. ఆ తర్వాత అగ్రశ్రేణి నాస్కార్ రేసులో మరే డ్రైవరూ ప్రాణం పోగొట్టుకోలేదు. ఎర్న్‌హార్ట్‌నే గొప్పవాడనేవాళ్ల గొంతులో ఈ దుఃఖం కలిసి ఉంటుంది. దాన్ని గౌరవిస్తాను, కానీ దాన్ని లెక్కలో వేయలేను.

ఇక కొత్త తరం. జెఫ్ గార్డన్, జిమ్మీ జాన్సన్ ఇద్దరూ కాలిఫోర్నియా వాళ్లు. గార్డన్ 93 గెలుపులు, నాలుగు ఛాంపియన్‌షిప్పులు. జాన్సన్ 83, ఏడు. అందులో 2006 నుంచి 2010 దాకా వరసగా ఐదు, ఇంకెవరూ చేయలేనిది. 2004 నుంచి నాస్కార్ కొత్త పద్ధతి పెట్టింది. ఆఖరి పది రేసులకు ముందు పైవాళ్ల పాయింట్లను దగ్గరికి తెచ్చి, ఆ పదింటితో విజేతను తేల్చడం. పాత లెక్క ఉంటే 2007లో గార్డన్ 353 పాయింట్ల తేడాతో గెలిచేవాడు. జాన్సన్ ఏడూ 2004 తర్వాతి పద్ధతుల కిందివే. అలాగని తక్కువ చేయకూడదు. అతడి ఎదుట నలభై మూడు కార్లలో డజనుకు పైగా గెలవగలిగినవి, తేడాలు సెకనులో పదో వంతులు. 1965లో పందొమ్మిది మైళ్ల తేడాతో గెలిచిన మైదానానికీ దీనికీ పొంతన లేదు. లోతైన పోటీని గెలవడమే గొప్పతనమనేవాళ్లకు జాన్సన్ సరైన జవాబు. నాకు అడ్డొచ్చేది ఒక్కటే. ఈ కాలంలో కారు గెలిచిందా, కంప్యూటరు ముందున్న ఇంజనీర్లు గెలిచారా, డ్రైవరు గెలిచాడా అన్నది విడదీయడం చాలా కష్టం. పియర్సన్‌ను ఎర్న్‌హార్ట్ కారులో కూర్చోబెట్టి చూసినట్టు జాన్సన్‌ను తన మంచి రోజుల్లో ఇంకో జట్టు కారులో చూడలేకపోయాం.

కనుక నా ఓటు డేవిడ్ పియర్సన్‌కు. ఎవరి నోట వినాలో వాళ్ల నోటా అదే వచ్చింది. తనతో పోటీ పడ్డవాళ్లలో పియర్సనే గొప్పవాడని రిచర్డ్ పెటీ ఒకసారి కాదు, పలుమార్లు చెప్పాడు. ముప్పై మూడుసార్లు వెనకనుంచి ఆ కారును చూసిన మనిషి ఇచ్చిన సాక్ష్యమది. పియర్సన్ 2018 నవంబరులో కన్నుమూశాడు.

ఈ తీర్పులో నన్ను కలవరపెట్టేది ఇంకొకటి మిగిలే ఉంది. ఎదురెదురుగా నిలబెట్టి పోల్చాలన్నాను. నిలబడనివ్వని వాళ్లను ఎలా పోల్చాలి? వర్జీనియాలోని డాన్‌విల్ వాడు వెండెల్ స్కాట్. యుద్ధంలో సైన్యానికి మెకానిక్, తర్వాత సారా బండి డ్రైవరు, ఆ కాలపు నాస్కార్‌లో దాదాపు ఒంటరి నల్లజాతి మనిషి. కంపెనీ కారు దొరకలేదు. సెకండ్‌హ్యాండ్ సామాన్లతో తనే కారు కట్టుకుని, తనే నడిపి, తనే బాగుచేసుకున్నాడు. 495 రేసులు. 1966లో మొత్తం పాయింట్లలో ఆరో స్థానం. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్ మట్టి ట్రాకు మీద రెండోవాడి కంటే రెండు ల్యాపులు ముందుండి గెలిచాడు. జెండా ఊపలేదు. రెండో స్థానంలో వచ్చిన బక్ బేకర్‌ను విజేతగా ప్రకటించి ట్రోఫీ ఇచ్చేశారు. గంటలు గడిచి, జనం ఇళ్లకు వెళ్లిపోయాక లెక్క తప్పిందని ఒప్పుకున్నారు. అసలు ట్రోఫీ అతడి చేతికి రానేలేదు. స్కాట్ 1990లో చనిపోయాడు. నాస్కార్ అతడి కుటుంబానికి ట్రోఫీ అందించింది 2021 ఆగస్టులో, డేటోనాలో. పియర్సన్ కారులో స్కాట్ కూర్చుని ఉంటే ఏమయ్యేదన్నది ఏ పట్టికా చెప్పదు. డాన్‌విల్ నుంచి మొదలుపెట్టి ఆయన కథ పూర్తిగా వచ్చే భాగంలో.

(సశేషం)